ఆఁ అన్నందుకు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా కమలక్క ఫ్లాటు పదకొండో అంతస్తు. అక్క ఇచ్చిన కిడ్నీ నాలో చేరి నలభై రోజులైంది. మధ్యలో నా ఒళ్ళు దాన్ని వద్దని మొరాయిస్తే మందుల డోసు పెంచారు.

"ఈ మందులు నీ ఒంట్లో కాపలావాణ్ణి నిద్రపుచ్చుతాయే వైశూ, నా కిడ్నీ మీద కలబడకుండా. కానీ నిద్రపోయేవాడు దొంగని మాత్రం ఆపుతాడా?" అంది అక్క.

బాల్కనీ నిండా పావురాల రెట్టలు. ఆ దుమ్ము పీల్చినా ఊపిరితిత్తులకి జబ్బు పట్టుకోవచ్చని డాక్టరు చెప్పాడు. అక్క ఆ తలుపుకి గొళ్ళెం పెట్టి, సందులన్నిటికీ టేపు అంటించింది. నేను మాస్కు కట్టుకుని కూర్చున్నాను. అనకాపల్లిలో పుట్టాక ఇన్నాళ్ళు నోరు మూసుకున్నది ఇదే మొదటిసారి.

ఆ రోజు అక్క నా రక్తం రిపోర్టు కోసం వెళ్ళింది. మధ్యాహ్నం మూడింటికే పొగమంచు కమ్మి గదంతా చీకటి పడింది. లైటు వేయడానికి బద్ధకించి మగతగా పడుకున్నాను. పావురాల గురగుర ఉన్నట్టుండి ఆగిపోయింది. తడిసిన సున్నం వాసన...

బాల్కనీ తలుపు మీద గోటితో గీకిన చప్పుడు.

"ఆ జావూఁ?"

ముసలి ఆడగొంతు. నాకు హిందీ రాదు. అక్కే ఏదో అడుగుతోందనుకుని, నిద్రమత్తులో "ఆఁ?" అన్నాను.

గీకడం ఆగింది. టేపు... మెల్లగా... ఊడుతోంది. లేవబోయేలోగా చల్లటి గాలి మాస్కు కిందికి దూరింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

అక్క వచ్చి లైటు వేసింది. టేపు మొత్తం గదిలోపల నేల మీద ఉంది. గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. విన్న మాటతో సహా జరిగింది చెప్పాను.

"నువ్వేమన్నావు?" గుసగుసగా అడిగింది.

"ఆఁ? అన్నాను. ఏంటీ అని."

"లోపలికి రానా అని అడిగితే ఆ అన్నావా? హిందీలో ఆ అంటే రమ్మనడమే కదే!"

నాకు ఏడుపొచ్చింది. చస్తానని కాదు. అక్క ఒళ్ళు కోయించుకుని ఇచ్చినదాన్ని ఒక్క కూతతో పోగొట్టుకున్నానేమోనని. అక్క గబగబా థర్మామీటరు పెట్టింది. జ్వరం లేదు. "హమ్మయ్య" అంటూ వంటగదిలోకి వెళ్ళడానికి అటు తిరిగింది.

"దర్వాజా బంద్ కర్ దో."

నా పెదాలు కదల్లేదు. ఆ మాట నా కడుపులోంచి, కుట్ల దగ్గర్నుంచి వచ్చింది. అక్కని ఆపుదామని చెయ్యి చాచాను.

పన్నెండేళ్ళ ఢిల్లీ అలవాటు. అక్క వెనక్కి చూడకుండానే "అచ్ఛా" అని, బయటినుంచి గది తలుపు వేసేసింది.