కథ చివరిదాకా విన్న ఒకే ఒక్కడు

తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడు ఊళ్లలో పొద్దున్నే సుందరయ్య కథ వినకుండా పొయ్యి వెలిగించే ఆడమనిషి లేదు. పెనుమూడి దగ్గర వారధి రాకముందు కృష్ణమ్మ మీద పడవ నడిపిన మనిషి, చదివింది ఐదో తరగతి. అలాంటివాడి గొంతు ఇవాళ సెల్‌ఫోన్లోకెక్కి ఇల్లిల్లూ తిరుగుతోందంటే సామాన్యమా?

ఈ మాట ముందుగా అన్నది సుందరయ్యే. ఆ రెండో శనివారం పొద్దున, తెనాలిలో కోడలి ఇంట్లో, పెసరట్టు ముందు కూర్చుని అన్నాడు.

"ఒక్క ఫొటో పెట్టవే రూబీ. గొంతు వింటున్నారు సరే, మనిషి ఇంత అందగాడని వాళ్లకెలా తెలుస్తుంది?"

"ఫొటో వద్దు తాతయ్యా," అంది మనవరాలు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే. కథల యాప్ తయారుచేసింది ఆమే. బాపట్లలో ఆడవాళ్లకి సాయం చేసే ఒక చిన్న సంస్థకి పనిచేస్తుంది.

"పోనీ పేరు?"

"పేరూ వద్దు."

"చూశావా ప్రమీలా, నీ కూతురు. నా గొంతు కావాలి, నేను అక్కర్లేదు."

బడి పంతులమ్మ, ఆ పూట సెలవు కాబట్టి తీరిగ్గా అట్టు తిప్పుతున్న కోడలు నవ్వింది. "మీకు పేరెందుకు మావయ్యగారూ, మీరు వీధిలోకి వస్తే చాలు, జనం పక్క సందులోకి తిరిగిపోతారు."

"తిరిగితే తిరగనీ. మొన్న బాపట్ల పెళ్లిలో అందరికీ చెప్పేశాగా. పలావు వడ్డించేవాడి దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా. వాలుగ చేప కథ చెప్పేది నేనే, యాప్ చేసింది మా మనవరాలే అని. అడ్రసు కూడా ఇచ్చా."

రూబీ చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. "ఎంత పని చేశావు తాతయ్యా."

"నేనేం చేశాను?"

"ఇక చెప్పెయ్యి రూబీ," అంది ప్రమీల పొయ్యి ఆపేసి. "ఈయన నోట్లో మాట దాగదని దాచాం. దాచినందుకే ఇంతదాకా వచ్చింది."

రూబీ తాతయ్య ముందు ఫోన్ పెట్టింది. తెరమీద వాలుగ చేప బొమ్మ. నొక్కగానే సుందరయ్య గొంతు మొదలైంది. "చేప కన్ను మీద వేలుంచి, తియ్యకు," అంది రూబీ.

ఉంచాడు. ఆయన గొంతు మాయమైంది. బొమ్మలో నీళ్లు విచ్చుకున్నట్టు పక్కకి జరిగి, లోపల తెల్లటి తెర వచ్చింది. మాట్లాడాలా, ఎవరైనా రావాలా, ఒంటిమీద దెబ్బల ఫొటో దాచిపెట్టాలా అని అడుగుతోంది. రూబీ తెరని ఒక్కసారి తట్టింది. వెంటనే మళ్లీ చేప, మళ్లీ ఆయన గొంతు.

"భర్త కొట్టే ఇళ్లలో ఆడవాళ్ల ఫోను రోజూ ఎవరో ఒకరు వెతుకుతారు తాతయ్యా. సాయం అడిగే యాప్ కనబడితే ఆ పూటే ఇంకో దెబ్బ. అందుకని ఇలా దాచాం. ముందు ముగ్గుల యాప్‌లా చేశాను. మా సంస్థలోనే పనిచేసే హుస్సేన్ బీ పిన్ని నవ్వింది, మా ఇంట్లో ముగ్గులేంటమ్మా, దాంతోనే దొరికిపోతాం అని. అసలు మన ఇంట్లోనే ముగ్గు వెయ్యం, నాకే తట్టలేదు. పాటలు పెడితే ఒక మతంవాళ్లకే సరిపోతాయి. వంటలు పెడితే అత్తగారు తొంగిచూస్తుంది. ఎవరింట్లో ఉన్నా అనుమానం రానిది, మగవాడు తెరిచినా నిమిషం కూడా వినలేనిది కావాలి."

సుందరయ్య తెరమీది చేపని మళ్లీ చూశాడు. "అంటే నా కథలు వినలేక పారిపోతారనా పెట్టావు?"

రూబీ తలదించుకుంది. "అవును తాతయ్యా."

ఆయన అట్టు పక్కకి నెట్టాడు. కోపమా, సిగ్గా అన్నది ఆయనకే తెలియలేదు. ఇంకా ఏదో అనబోతుండగా గేటు చప్పుడైంది.

"సుందరయ్యగారి ఇల్లు ఇదేనాండి?"

ఇస్త్రీ చొక్కా, చేతిలో ద్రాక్షపళ్ల సంచి, చెప్పులు గుమ్మం బయటే వరసగా విడిచిన మర్యాదస్తుడు. "నా పేరు రాజ్ కుమార్ అండి. బాపట్ల. పెళ్లిలో కలిశాం. మా ఆవిడ సారా మీ కథలంటే ప్రాణం పెడుతుంది తాతగారూ. నేను గదిలోకొస్తే చాలు, మీ చేప కథ వినపడుతుంది. కానీ ఏనాడూ నవ్వగా చూళ్లేదు. అందులో ఏముందో, ఆ యాప్ చేసినమ్మాయినే అడిగిపోదామని వచ్చా."

సారా పేరు వినగానే రూబీ లోపలి గదిలోకి వెళ్లింది. తలుపు సందులోంచి ఆమె ఫోన్లో గబగబా ఏదో రాసి పంపడం, జవాబు చూసి పెదవి కొరుక్కోవడం సుందరయ్యకి కనబడుతూనే ఉంది. మళ్లీ బయటికొచ్చి తాతయ్య భుజం మీద చెయ్యి వేసింది.

"ఆయన అంత దూరం నుంచి వచ్చారు తాతయ్యా. వాలుగ చేప కథ మొదట్నుంచీ చెప్పు. ఏదీ వదలకు. చేప సముద్రంలోకి చేరిందాకా కూర్చోబెట్టు."

భుజం మీద వేళ్లు గట్టిగా నొక్కాయి. ఊరు దాటని మొగుడు ఇవాళ ఊరు దాటాడని, అక్కడ సారా తలుపు తీసుకుని బయటపడుతోందని సుందరయ్యకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"కూర్చో బాబూ," అన్నాడు. "ఆ ఏడు కృష్ణ రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. నా పడవలో పెళ్లివారు, బ్యాండు మేళం. నడిమధ్యలో వాలుగ చేప లంగరు మింగింది. మింగి పడవని పట్టుకుని పరుగో పరుగు. క్లారినెట్ వాయిస్తే ఆగుతుంది, ఆపితే పరుగెత్తుతుంది."

"బాగుందండి. మరి యాప్..."

"అక్కడికే వస్తున్నా. ముందు ఆ క్లారినెట్ వాయించేవాడి మేనమామ సంగతి చెప్పాలి."

మేనమామ సంగతి అయ్యింది. మేనమామ గేదె సంగతి అయ్యింది. ప్రమీల అట్టు మీద అట్టు తెచ్చింది. రాజ్ కుమార్ వద్దన్నకొద్దీ, "మా ఇంట్లో వద్దన్న వాళ్లని పంపమండి," అంటూ ఉప్మా కూడా వడ్డించింది. అతను గడియారం చూసుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి..."

సుందరయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఫోన్ పక్కన పెట్టు బాబూ. చేప మాట్లాడబోతోంది."

"చెయ్యి వదులు ముసలాడా."

గొంతు పెద్దది కాలేదు. కళ్లు మాత్రం మారాయి. ఇస్త్రీ చొక్కా, ద్రాక్షపళ్లు, మర్యాద ఎటుపోయాయో తెలియదు. ఆ చూపు కింద రోజూ ఒక మనిషి అన్నం వండుతోందని సుందరయ్యకి అర్థమైంది. వరదలో పడవ వేసిన రోజుల్లో కూడా ఇంత భయం ఎరగడు. చెయ్యి వదిలాడు గానీ కథ వదల్లేదు.

"చేప ఏమందో తెలుసా? ఒరేయ్ సుందరయ్యా, నీ పడవ నాకొద్దు, ఆ పెసరట్టు ఒకటి పడెయ్, అంది."

రాజ్ కుమార్ ఫోన్ చేతిలో పట్టుకునే ఆయన వంక చూశాడు. ఇతను పిచ్చివాడా, వేళాకోళమా అని తేల్చుకునేలోపు చేప రెండు వంతెనలు దాటింది, పెళ్లికొడుకు మీసం ఊడింది, మేళంవాళ్లకి దమ్ము అయిపోయింది. ఎండ గడపలోకి వచ్చేసింది.

రూబీ లోపల్నుంచి మంచినీళ్ల గ్లాసుతో వచ్చింది. "చేప సముద్రంలోకి చేరిందా తాతయ్యా?"

ఆమె కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"చేరింది తల్లీ," అన్నాడు ఆయన. "ఇంతే బాబూ కథ. యాప్‌లో ఉన్నదీ ఇదే. ద్రాక్షపళ్లు తీసుకెళ్లు, మాకు పడవు."

"మీకో దణ్ణం, మీ కథకో దణ్ణం," అని రాజ్ కుమార్ చెప్పుల్లో కాళ్లు దూర్చి, వెనక్కి చూడకుండా వెళ్లాడు.

రూబీ తలుపు వేసి ఫోన్ వినిపించింది. రైలు చప్పుడు మధ్య ఒక సన్నటి గొంతు. "హుస్సేన్ బీ పిన్ని రైలెక్కించిందండి. వేటపాలెంలో దిగాం. జీడిపప్పు ఒలిచే పని ఈ పూటకి మానుకుని అక్క స్టేషన్‌కి వచ్చింది. పాప నా దగ్గరే ఉంది." అంతే.

సుందరయ్య మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు. పెనుమూడి రేవులో ఎన్ని వేలమందిని దాటించాడో ఆయనకి లెక్కలేదు. తెడ్డు పట్టకుండా, నీళ్లు చూడకుండా, ముఖమైనా ఎరగని ఒక తల్లినీ బిడ్డనీ కుర్చీలోంచి కదలకుండా దాటించడం మాత్రం ఎక్కడా వినలేదు. తన కథల్లో కూడా అంత పెద్దది లేదు.

"ఎంత గొప్ప పని చేశావే," అన్నాడు మనవరాలి చేతులు పట్టుకుని, కొత్త మనిషిని చూసినట్టు. "నా మీద కోపంగా ఉందా?"

"నీకు ముందే చెప్పాల్సింది తాతయ్యా."

"చెబితే ఊరంతా తెలిసేది. ఫొటో వద్దులే. పేరూ వద్దు." కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఇంకా విసుగు పుట్టించే కథ ఒకటుంది. అదీ పెట్టుకో."

"దానికన్నా విసుగైనది కూడా ఉందా మావయ్యగారూ?" అంది ప్రమీల. అంటూ తనే ఏడ్చేసింది.

మొదట్లో ఒక గొప్ప మాట అన్నాను, ఆయన కథ వినకుండా పొయ్యి వెలిగించే ఆడమనిషి లేదని. అది ఉత్తిదే. ఆ కథని చివరిదాకా విన్న ఆడమనిషి ఒక్కతీ లేదు. విన్నవాడు రాజ్ కుమార్ ఒక్కడే, అదీ పెసరట్లు తింటూ.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. చేప కన్ను నేను కల్పించింది. వేలుంచాల్సింది అక్కడ కాదు. నిజానికి అందులో చేపే లేదు. ఇది చదివి ఇంట్లో ఫోన్ వెతకబోయే పెద్దమనుషులుంటే తీరిగ్గా వెతుక్కోండి. తెలియాల్సిన వాళ్లకి తెలుసు.