మేడ మీది ఓటీపీ

రమేష్‌బాబు పేరు వింటే నాకు ఒళ్లు మంట. మనిషి మంచివాడే, మా సముద్రపొడ్డు ఊరి పీహెచ్‌సీలో ఫార్మసిస్టు. అయినా సరే, మంట.

కారణం మా ఐస్ ఫ్యాక్టరీ మేడ. పీహెచ్‌సీలో నెట్ వారానికి ఆరు రోజులు పడుకునే ఉంటుంది. ఊళ్లో అది సరిగ్గా వచ్చేది మా మేడ మీదే. ఓపీ అయిపోగానే డాక్టర్ గౌరి ట్యాబ్ పట్టుకుని మెట్లెక్కుతుంది. వెనకాలే రమేష్‌బాబు. చీకటి పడేదాకా పక్కపక్కనే కూర్చుంటారు. కింద ఐస్ దిమ్మలు వ్యానుకెక్కిస్తూ నేను ఆవిడ నవ్వు వింటుంటాను.

ఆర్నెల్ల క్రితం ఐస్ కొట్టే మిషన్‌లో చెయ్యి కోసుకుని వెళితే కుట్లు వేసింది ఆవిడే. తర్వాత కుట్లయితే విప్పేసింది గాని, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను.

"ఒరే యుగంధరా, నోరిప్పి సెప్పకుండా మేడకేసి సూత్తే ఏటొస్తాది? మెడనొప్పొస్తాది," అంది మా అమ్మ సుభద్రమ్మ.

చెప్పే ధైర్యం లేదు. సోమవారం మెట్ల గేటుకి తాళం వేసి, రిపేరన్నాను. మూడు రోజులు రమేష్‌బాబు పైకెక్కలేదు. నాకు పండగే పండగ.

గురువారం వానలో తడుస్తూ గౌరి ఒక్కతే వచ్చింది.

"మీ మేడకి ఏటి జబ్బు?"

"రిపేరండీ."

"సుత్తి సప్పుడు లేని రిపేరా?"

చేతిలో కాగితం నా ముందు పెట్టింది. జిల్లా ఆఫీసు మెమో. మూడు రోజుల ఎంట్రీలు పెండింగట, సంజాయిషీ ఇవ్వాలట.

"టీకాలు, గర్భిణులు, బీపీలు, షుగర్లు... రోగుల్ని సూసేది సగం రోజు. సూసినానని యాప్‌లో రాసేది మిగతా సగం. తాళం ఎందుకేసినావు? నిజం సెప్పు."

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అంత భయంలోనూ అది బాగుంది.

"రోజూ ఆ రమేష్‌బాబు... మీ పక్కన..." నోరు జారేశాను.

గౌరి నన్ను ఎగాదిగా చూసింది.

"నా సిమ్‌కి ఈ ఊళ్లో టవర్ లేదు. అందుకే ఓటీపీ ఆయన ఫోన్‌కి పెట్టించినాను. పది నిమిషాలకోసారి యాప్ బయటికి గెంటేస్తాది, మళ్లీ ఓటీపీ. పాతపట్నంలో ఆయన పెళ్లాం ఎదురుసూస్తంటాది పాపం. కవల పిల్లల అల్లరి సెప్తే నవ్వుతన్నాను."

నా మీద నాకే సిగ్గేసింది. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను.

"తప్పయిపోయింది. తాళం వేసింది నేనేనని మీ ఆఫీసుకి రాసిస్తాను."

"కారణం ఏటని రాస్తావు?"

"అసూయ అని."

పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. "గవర్నమెంటు కాగితమ్మీద వద్దు. నాకు సెప్పు."

చెప్పాను. వాన చప్పుడుకి వినబడలేదేమోనని రెండోసారి కూడా చెప్పాను. ఆవిడ గేటు తాళం తీసి, ఓటీపీ కోసం రమేష్‌బాబుని పిలుచుకొచ్చి, మెట్లెక్కి ట్యాబ్ తెరిచింది. ఆ వారమంతా నాకు తిండి సయించలేదు.

తర్వాతి సోమవారం రమేష్‌బాబు ఐదింటికే బండెక్కి, నాకు చెయ్యూపి పాతపట్నం వెళ్లిపోయాడు. గౌరి ఒక్కతే మేడెక్కింది.

నా ఫోన్ మోగింది. మెసేజ్‌లో ఆరంకెలు. తలెత్తి చూస్తే పిట్టగోడ మీదనుంచి గౌరి వంగి చూస్తోంది.

"నంబర్ మార్పించేసినాను. ఓటీపీ వచ్చిందా?"

"వచ్చింది! నాలుగు, ఏడు..."

"హుష్! ఓటీపీ అలా అరిసి సెప్పకూడదు. పైకి రా. రోజూ రావాల."

వ్యాను అంచున ఆనించిన ఐస్ దిమ్మ జారి పగిలింది. వెనకనుంచి మా అమ్మ గొంతు:

"వ్యాను నేను సూసుకుంతాను గానీ, ఎక్కరా ఒరే!"