చివరి అక్షరం ‘ఆర్’

కోరుట్ల బస్టాండులో పట్టపగలు గంగయ్యను కాల్చి చంపారు. ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్న సీక్రెట్ ఏజెంట్ రాజమౌళి ఉరికేసరికే కాల్చినవాడు జనంలో కలిసిపోయాడు. మొహం మాత్రం రాజమౌళి కంటబడింది. వాడి పేరు దుర్గయ్య. శవం మీద ఎర్ర కరపత్రం పడేసి పోయాడు గానీ, అది నక్సలైట్ల దళం పని కాదని రాజమౌళికి తెలుసు. గంగయ్య తమ సీక్రెట్ డిపార్ట్‌మెంట్ మనిషి. చంపించింది విదేశీ ముఠా. చిచ్చు రగిల్చి అటు అన్నలకూ, ఇటు వాళ్లకు భయపడే దొరలకూ తుపాకులు అమ్ముకోవడం దాని బిజినెస్.

జగిత్యాలలో ఒక అద్దె గదిలో బ్రీఫింగ్ జరిగింది. చీఫ్ దశరథం, రాజమౌళి, సరోజన. సరోజన కోరుట్లలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. నల్ల కళ్లద్దాలు, పట్నం సెంటు. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది.

“కోడ్ ఒకే ఒక్క లాటిన్ క్రియ,” అన్నాడు చీఫ్. ఆయన మిషన్ హాస్టల్లో చదివినవాడు. “ట్రాడో. ‘ట్రాన్స్’ అంటే అవతలికి, ‘డో’ అంటే ఇస్తాను. రెండూ కలిస్తే, అప్పగిస్తున్నాను. ట్రాడిస్, అప్పగిస్తున్నావు. ట్రాడిట్, అప్పగిస్తున్నాడు. ట్రాడిడి, అప్పగించాను. సరోజనా, సరుకు జాడ తెలిస్తే ‘ట్రాడామ్’ అని పంపు. అప్పగిస్తాను అని. చివర ఎమ్ బదులు ఆర్ వస్తే పాసివ్. ‘ట్రాడార్’ అంటే, నన్ను అప్పగిస్తారు. డేంజర్ సిగ్నల్.”

“అప్పగిచ్చుడంటే పట్టిచ్చుడు గూడనా సార్?” అని అడిగాడు రాజమౌళి.

“రెండూ. పాఠం నేర్పడం కూడా అదే.”

సరోజన నవ్వింది. “మా దిక్కు గూడ గంతే సార్. పాఠమైనా అప్పజెప్తరు, మనిషినైనా అప్పజెప్తరు.”

రాజమౌళి సిరిసిల్లలో రాజనర్సు సాంచాల కార్ఖానాలో, మరమగ్గాలు బాగుచేసే ఫిట్టర్ వేషంలో చేరాడు. అతని ట్రాన్సిస్టర్ పొట్టలో వైర్‌లెస్ సెట్ ఉంది. ఒక మధ్యాహ్నం సాంచాల మోతలో ఇయర్‌ఫోన్ చెవికి అదిమి మోర్స్ సంకేతాలు విన్నాడు. టి, ఆర్, ఎ, డి, ఎ. చివర చుక్క, గీత, చుక్క.

ఆర్.

వెంటనే చీఫ్‌ను పిలిచాడు. “సార్, ట్రాడార్! సరోజనను పట్టిస్తున్నరు. కోరుట్లకు పోతున్న.”

“తప్పు విన్నావు. అది ఎమ్. నాకిప్పుడే ఇన్ఫర్మేషన్ అందింది. జగిత్యాల నుంచి ధర్మపురి పోయే బస్సులో దుర్గయ్య బాంబు పెడుతున్నాడు. వాడి మొహం తెలిసింది నీ ఒక్కడికే. జగిత్యాలకు వెళ్లు. ఇట్స్ యాన్ ఆర్డర్.”

“ఎమ్ కాదు సార్. నా చెవులతోని ఇన్న.”

“బస్సు నిండా జనం, రాజమౌళీ.”

లైన్ కట్.

మోటార్ సైకిల్ తీశాడు. దారిలో పోలీసులు దళం మనిషని అనుమానించి ఆపి, చొక్కా విప్పించి, ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. తానెవరో చెప్పకూడదు. “నీ బాంచెన్ సార్, పని మీద పోతున్న” అని దండాలు పెట్టాడు. అదే వేళకు కోరుట్లలో ఏం జరుగుతోందో ఊహించుకోకూడదనుకున్నాడు. అది మాత్రం చేతకాలేదు.

జగిత్యాలలో ధర్మపురి బస్సు అప్పుడే కదులుతోంది. దుర్గయ్య ఉత్త చేతులతో దిగుతున్నాడు. రాజమౌళి వాణ్ణి ఒక్క తన్నుతో బస్టాండు కానిస్టేబుల్ కాళ్ల దగ్గర పడేసి, లోపలికి దూకాడు. ఒక సీటు కింద టిఫిన్ క్యారియర్ టిక్ టిక్ మంటోంది.

“కాళ్ల కింద చెయ్యి వెడ్తవేందిరా?” ముసలమ్మ నెత్తిన మొట్టింది.

అతను క్యారియర్ మూత తీసి, వైరును పళ్లతో కొరికేశాడు. టైమర్ ముల్లు సున్నా పక్కన ఆగిపోయింది.

తిరిగి బండెక్కి కోరుట్ల చేరాడు. ఇన్‌స్టిట్యూట్ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పక్కింటి పోశవ్వ గడపలో కూలబడి ఉంది.

“జీపచ్చింది కొడుకా. పిల్లను చెప్పులు గూడ ఏసుకోనియ్యలే. అడ్డంబోతె నన్ను నూకేసిండ్రు.”

“ఎటు పోయిండ్రు అవ్వా?”

“నా కండ్లకు దుమ్మే కనవడ్డది.”

చాలాసేపు రోడ్డు మీదే నిలబడ్డాడు. ఏ దిక్కు పోవాలో తెలియలేదు. చివరికి బండికి కట్టుకున్న ట్రాన్సిస్టర్ తీసి సెట్ ఆన్ చేశాడు.

“కంగ్రాచ్యులేషన్స్!” అన్నాడు చీఫ్. “మిషన్ సక్సెస్.”

“బస్సు సంగతి మీకెవరు చెప్పిండ్రు సార్?”



“ముఠాలో ఒకడు. ఊరికే చెప్పలేదు. మన వైపు నుంచి ఒక పేరు అడిగాడు.”

“సరోజన పేరిచ్చిండ్రా సార్?”

“ఆమెను వెతికిస్తున్నాం,” అన్నాడు చీఫ్. “అన్నట్టు, కోడ్ మారుస్తున్నాం. కొత్త క్రియ ‘సెర్వో’. కాపాడుతున్నాను అని అర్థం.”

“అర్థం మంచిగనే ఉన్నది సార్,” అన్నాడు రాజమౌళి. “కర్తే దొరకాలె.”