హార్లిక్స్ సీసాలో నా భయం

"ఆమోసు బ్రదర్, ఒక్క నిమిషం ఆగండి."

మెట్ల మీద వెనక నుంచి కెరెన్ గొంతు. ఆ గొంతు నన్ను పిలవాలని జనవరి నుంచి ఎదురుచూస్తున్నవాణ్ణి. ఆ ఆదివారం మాత్రం ఆమె చేతిలో చీటీ చూసి, కీబోర్డు భుజాన వేసుకుని పారిపోదామనుకున్నాను. బయట సెప్టెంబరు వాన దంచికొడుతోంది. పారిపోయే దారీ లేదు.

"ఈ చీటీ మీదేనా?"

"ఏ చీటీ అండి?"

"హార్లిక్స్ సీసాలోది."

మయూర్ విహార్‌లో జయశీల ఆంటీ ఫ్లాటులో ప్రతి ఆదివారం సాయంత్రం మా తెలుగువాళ్ళ ప్రార్థన కూటం. నేను కీబోర్డు వాయిస్తాను, కెరెన్ పాడుతుంది. అక్కడ పద్ధతి ప్రకారం అందరూ బ్రదర్లూ సిస్టర్లే. నాలాంటివాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. టీవీ పక్కన ఆంటీ ఒక ఖాళీ హార్లిక్స్ సీసా పెడుతుంది. ఎవరి కష్టం వాళ్ళు పేరు లేకుండా చీటీ మీద రాసి అందులో వేస్తారు. చివర్లో తలా ఒకటి తీసుకుని, ఎవరిదో తెలియని ఆ కష్టం కోసం వారమంతా ప్రార్థన చేస్తారు. పెళ్ళి కుదరాలి, ప్రమోషన్ రావాలి, ఓనరు అద్దె పెంచకూడదు. ఎక్కువగా ఇవే ఉంటాయి.

అంతకుముందు ఆదివారం నేనూ ఒకటి వేశాను. "ఒక సహోదరుడికి డాక్టరు డిప్రెషన్ అని మందులు రాశారు. వేసుకోవాలంటే భయపడుతున్నాడు. ప్రార్థించండి." నా గురించి నేనే సహోదరుడని రాసుకుని మహా తెలివైన పని చేశాననుకున్నాను.

"నాది కాదండి," అన్నాను.

కెరెన్ చీటీ తిప్పింది. వెనకవైపు పాటకి కీబోర్డు మీద వాయించాల్సిన కార్డ్స్ గుర్తులు, నా చేతిరాతలో: జి, డి, ఇ మైనర్.

"ఇవాళ రెండో చరణంలో మరీ ఘోరంగా తప్పారు. ఎందుకో తెలుసా? ఆ ముక్క వారం నుంచీ నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది."

చేతికందిన కాగితం చింపుకున్న నా తొందర అలా బయటపడింది.

"ఎవరికీ చెప్పకండి సిస్టర్. ప్లీజ్. ఆఫీసులో తెలిస్తే, మా అమ్మకి తెలిస్తే..."

"చెప్పను. నర్సుని నేను. రోజుకి ఎంతమంది గుట్టు మోస్తానో మీకేం తెలుసు? వేసుకుంటన్నారా మందు?"

"లేదు. పదకొండు రోజులైంది. ఆ మందు ఈ కీబోర్డు కవర్లోనే ఉంది."

ఆమె తిడుతుందనుకున్నాను. గొడుగు విప్పి, "టీ తాగుదాం పదండి," అంది.

గేటు బయట టీ బండి రేకు కప్పు కింద నిలబడ్డాం. "భయ్యా, దో చాయ్. అద్రక్ ఎక్కువ," అంది కెరెన్, అల్లం బాగా వేయమని, గుంటూరు హిందీలో. ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి.

"ఇప్పుడు చెప్పండి. ఏందా భయం?"

చెప్పాను. నోయిడాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని నాది. మేలో మా టీంలో పన్నెండు మందిలో ఏడుగుర్ని తీసేశారు. మిగిలినందుకు సంతోషించాలి కదా. నాకు పొద్దున్నే మంచం దిగడమే కష్టమైపోయింది. తిండికి రుచి లేదు. నిద్ర మూడింటికే తెగిపోతుంది. భీమవరం నుంచి అమ్మ ఫోన్ చేస్తే బాగున్నానని ఒక్క మాట చెప్పడానికి ముందు పది నిమిషాలు గొంతు సర్దుకోవాల్సి వస్తోంది.

"మా వీధిలో కేశవరావు గారని ఉండేవారు. పిచ్చి మందులు వాడతారని అందరూ అనేవారు. అరుగు మీద నోరు తెరుచుకుని కూర్చునేవారు. నేనూ అలా అయిపోతానేమోనండి. మొదలుపెడితే ఇక మానలేనేమో. అమ్మ అయితే నీకు ప్రార్థన తగ్గిందిరా అంటుంది."

"ఇంకా?"

"ఇంకా ఏంటండి?"

"అసలుది చెప్పలేదు మీరు."

వాన చప్పుడులో కలిసిపోతుందిలే అన్న ధైర్యంతో అన్నాను. "వేసుకున్నా తగ్గకపోతే? ఇప్పుడైతే కవర్లో మందుంది, ఎప్పుడైనా వేసుకోవచ్చు అని ఒక ఆశ. అదీ పనిచేయకపోతే ఇంకేం మిగులుతుంది నాకు?"

కెరెన్ గ్లాసు కింద పెట్టి నా కళ్ళలోకి చూసింది. "చచ్చిపోవాలని అనిపిస్తందా?"

ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. "చావాలని కాదు. పొద్దున మెలకువ రాకపోతే బాగుండని."

"డాక్టర్‌కి చెప్పారా?"

"లేదు."

"ఎక్కువైతే ఏ టైమైనా సరే నాకు ఫోన్ చేయండి. బుధవారం నాకు ఆఫ్. ఇద్దరం వెళ్తన్నాం."

క్లినిక్‌లో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. తిరగేసి పట్టుకున్నానని కెరెన్ చెప్పేదాకా చూసుకోలేదు. లోపల డాక్టర్ గారు నా మాటలన్నీ విన్నారు, మెలకువ మాటతో సహా. అలాంటి ఆలోచన పెరిగితే ఆ క్షణమే రమ్మన్నారు. మొదటి వారం సగం మాత్ర చాలన్నారు. గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ముందు కడుపులో తిప్పొచ్చు, మీ అంతట మీరు మానకూడదు, మానే రోజు వస్తే నేనే మెల్లగా తగ్గిస్తాను అన్నారు.

"పనిచేయకపోతే?" అన్నాను.

"ఇదే కచ్చితంగా పనిచేస్తుందని మాట ఇవ్వలేను. కానీ ఇది ఆఖరి మందు కాదు. ఇంకో మందుంది, మందు కాని వైద్యమూ ఉంది."

బయటికొచ్చాక కెరెన్ తన పద్ధతి చెప్పింది. "మా వార్డులో పేషెంటు మా కళ్ళ ముందు మింగాలి. మింగాకే చార్టులో టిక్కు పెడతాం. మీరు మింగాక నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి. నేను తిరిగి ఒకటి ఇస్తే టిక్కు పెట్టినట్టు."

"వేసుకోకపోతే?"

"రెండు ఇవ్వండి. మింగేది మీరు, నిర్ణయం మీది. నాకు అబద్ధం మాత్రం చెప్పొద్దు."

గురువారం రెండు ఇచ్చాను. ఒకటి తిరిగొచ్చింది. శుక్రవారం కూడా రెండే. తిట్టు లేదు, మెసేజ్ లేదు. మళ్ళీ ఒకటి తిరిగొచ్చింది. తిడితే కోపగించుకుని మానేద్దామని చూస్తున్న నాకు ఆ అవకాశమూ ఇవ్వలేదు.

శనివారం పొద్దున బాల్కనీలో నిలబడ్డాను. కొత్త మెట్రో లైను మీద ట్రయల్ రైలు ఖాళీగా పోతోంది. అరచేతిలో సగం మాత్ర. గుండె దడదడలాడుతోంది. వేసుకోకపోతే ఈ భయం పోతుందా అని నన్ను నేనే అడిగాను. పదిహేడు రోజులుగా వేసుకోలేదు. ఒక్క రోజూ పోలేదు. ఎటు తిరిగినా భయపడాల్సిందే అయితే, వైద్యం ఉన్న వైపే భయపడదామనుకున్నాను.

మింగేశాను. తొందరలో సగం నీళ్ళు చొక్కా మీద పోసుకున్నాను. ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చాను. మూడు సెకన్లలో టిక్కు తిరిగొచ్చింది.

అంతటితో కష్టాలు తీరిపోలేదు. నాలుగో రోజు కడుపులో ఒకటే తిప్పుడు, చేతులు చల్లబడిపోయాయి. కేశవరావు గారి నోరే కళ్ళ ముందు మెదిలింది. రెండు మిస్డ్ కాల్స్ కొట్టాను. ఈసారి ఫోన్ మోగింది.

"ఏందయ్యా, ఏమైంది?"

చెప్పాను.

"డాక్టర్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పు. మానాలో వద్దో ఆయన చెప్తాడు. నీకు నువ్వే డాక్టర్‌వి కావద్దు. చేశాక నాకు చెప్పు."

భయంలోనూ గమనించాను, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. డాక్టర్ గారు టిఫిన్ తిన్నాక వేసుకోమన్నారు. వారం తిరిగేసరికి తిప్పుడు తగ్గింది. కెరెన్ కూడా మళ్ళీ 'మీరు'కి వెళ్ళిపోయింది.

ఐదో వారంలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే టీ బండి దగ్గర పకోడీల వాసన కొట్టింది. తినాలనిపించింది. కొన్నాను. మొదటిది నోట్లో పెట్టుకోగానే ఉప్పు, కారం, ఉల్లిపాయ విడివిడిగా తెలిశాయి. అక్కడే నిలబడి ఏడ్చాను. బండివాడు కారం ఎక్కువైందనుకుని నీళ్ళిచ్చాడు.

నవంబరులో మెట్రో మొదలైంది. ఒక శనివారం ఇద్దరం ఎక్కాం. కొత్త బోగీ, కిటికీలో ఎండ, పక్కన కెరెన్. నా గుండె మళ్ళీ దడదడలాడింది. ఈసారి భయం వేరు. అయితేనేం, అదీ అంత బలంగానే ఉంది.

"ఒకటి చెప్పాలి సిస్టర్."

"చెప్పండి బ్రదర్."

"మీరంటే నాకు ఇష్టం. కానీ ఇది మందు వల్లేమోనని భయంగా ఉంది. మందు మానేస్తే పోతుందేమో. నాదో కాదో తెలియని ప్రేమ మీకు చెప్పడం మోసం కదా."

ఆమె నవ్వలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి నాలుగు మడతల కాగితం తీసింది. నా చీటీ. ఇంకా పారేయలేదు.

"ఇది లేకుండా వాయించి తప్పింది ఒక్క ఆదివారం. మిగతా ఆదివారాలు ఎందుకు తప్పారు?"

"మిగతా అంటే?"

"జనవరి నుంచీ తప్పుతున్నారు. రెండో చరణం నేనొక్కదాన్నే పాడతాను. మీరు చూస్తారు, వేలు జారుద్ది. జయశీల ఆంటీకి కూడా తెలుసు. జనవరిలో ఏ మందు వేసుకున్నారు?"

నోరు తెరుచుకుని కూర్చున్నాను, అచ్చం కేశవరావు గారిలాగే. ఆ మాట పైకే అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఎదురు సీట్లో ఎవరో పెద్దావిడ పేపరు దించి మరీ చూసింది.

"మరి మీరు... నువ్వు?" అన్నాను నవ్వు ఆగాక.

"స్టేషన్ వచ్చింది, దిగు," అంది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. తొందరపడి చెప్పి ఉన్నదీ పోగొట్టుకున్నానేమో. మర్నాడు టిఫిన్ తిని, మాత్ర మింగి, ఒక మిస్డ్ కాల్ ఇచ్చాను. మూడు సెకన్లయింది. పదయింది. ఏమీ రాలేదు. జబ్బు రోజుల్లో కూడా ఇంత భయపడలేదేమో.

అప్పుడు ఫోన్ మోగింది. టిక్కే అనుకున్నాను. ఒక రింగు, రెండు, మూడు, నాలుగు. ఆగలేదు. ఎత్తాను.

"ఆమోసూ," అంది కెరెన్. పేరు పక్కన 'బ్రదర్' లేదు.