మెట్ల కిటికీ పావురాలు

మూడో పీరియడ్ సగంలో ఉంది. కంప్యూటర్ ల్యాబ్‌లో మెరుపు వేళ్లు కీబోర్డు మీద పరుగులు పెడుతున్నాయి. టైపింగ్‌లో క్లాసంతటికీ ఆ పిల్లే ఫస్టు. అందుకే ఆ ముద్దుపేరు. పక్క కుర్చీ ఆమె జట్టు పిల్లది. ఆ అమ్మాయిని అందరూ నిదానం అంటారు. ఒక్కో అక్షరాన్నీ వెతికి వెతికి నొక్కుతుంది మరి!

ఇద్దరి ప్రాజెక్టు బడి మెట్ల కిటికీలో ఉన్న పావురాల గూడు. నోట్సంతా ఇద్దరూ తెరవగలిగే ఒకే ఆన్‌లైన్ ఫైల్లో ఉంది. మధ్యాహ్నం పేరెంట్స్ ముందు మాట్లాడే ఒక్క జట్టును టీచర్ లంచ్‌లోగా ఎంచుతారు. అది తమ జట్టే కావాలని మెరుపు ఉవ్విళ్లూరుతోంది.

నిదానం మంచినీళ్లకు వెళ్లింది. మెరుపు ఫైలు చూసి మొహం చిట్లించింది. 'బడి గంటకు ముందు: గుడ్ల మీద మచ్చ లేనిది కూర్చుంది. ఇంటర్వెల్‌లో: మెడ మీద తెల్ల మచ్చది కూర్చుంది.' పన్నెండు రోజులూ ఇదే తంతు!

"అబ్బా, ఇదేం నోట్స్!" అనుకుని అన్నీ చెరిపేసింది. ఇంటర్నెట్‌లో కనిపించిన నాలుగు పేరాలు తెచ్చి అంటించింది. హెడ్డింగులకు రంగులు వేసింది. ఫైలు భలే ముస్తాబైంది.

టీచర్ వచ్చి చదివారు. "'గుడ్లను తల్లి పావురమే పొదుగుతుంది.' ఇది ఎక్కడ దొరికింది?"

"నెట్‌లో, టీచర్."

"నెట్‌లో ఎక్కడ? ఎవరు రాశారు?"

మెరుపు పేరాలన్నీ పైకీ కిందకీ జరిపి చూసింది. ఏ పేరా ఎక్కడిదో ఆమెకే తెలియదు.

అప్పుడే వచ్చిన నిదానం స్క్రీన్ చూసి ఆగిపోయింది. "నేను రాసినవి ఏవే?" అంది. "రోజూ ఆటలు మానుకుని మెట్ల కిటికీ దగ్గర నిలబడి రాశాను కదే!"

మెరుపుకు తల కొట్టేసినట్టయింది. "చెరిపేశానే. తప్పయిపోయింది. ఉండు, తెస్తాను."

ఫైలు పాత కాపీలు దాచి ఉంచుతుంది. నిన్నటి కాపీ తెరవగానే పన్నెండు రోజులూ తిరిగొచ్చాయి. మెరుపు మొదటిసారి వాటిని పూర్తిగా చదివింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"ఏయ్! అయితే రెండు పావురాలూ వంతులేసుకుని పొదుగుతున్నాయే! ఎంత బాగా కనిపెట్టావే!"

టీచర్ నవ్వుతూ గడియారం చూశారు. "పదిహేను నిమిషాలున్నాయి. కానివ్వండి."

మెరుపు తను అంటించిన పేరాలు ఎక్కడివో నెట్‌లో మళ్లీ వెతికింది. ఒక్కటే దొరికింది, అది ఒక పుస్తకంలోది. దాని కింద పుస్తకం పేరు, రాసినవారి పేరు చేర్చింది. 'తల్లి పావురమే' అన్నదానితో సహా మిగతా మూడూ తీసేసింది. పన్నెండు రోజుల నోట్స్ పైన స్నేహితురాలి అసలు పేరు పెద్ద అక్షరాల్లో టైప్ చేసింది.

టీచర్ ఆ జట్టునే ఎంచుకున్నారు.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ముందు వరసలో ఒక తాతగారు చెయ్యెత్తారు. "రెండూ పొదుగుతాయా! ఇది ఏ వెబ్‌సైట్‌లో చూశారమ్మా?"

మెరుపు గర్వంగా తలెత్తింది. "వెబ్‌సైట్‌లో కాదండీ. మా కిటికీలో. పన్నెండు రోజులు నిలబడి చూసింది ఇదిగో, ఈ పిల్ల!"

మైకు ఆమె చేతికిచ్చింది. నిదానం గొంతు సవరించుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. మెరుపు మధ్యలో ఒక్క మాట కూడా అందించలేదు. చేతులు కట్టుకుని, చివరిదాకా విన్నది.