చేతి మీద నంబరు

ఆదివారం పొద్దున రెబెకా అంట్లు తోముతూ చుడీదారు చెయ్యి పైకి మడిచింది. మోచేతి కింద నీలం ఇంకుతో ఫోన్ నంబరు. నీళ్లు పడుతున్నా చెరగలేదు. తల్లి ఎలీషబా కంట పడనే పడింది.

"ఏందే అది?"

"దుకాణంలో ఎవరిదో నంబరమ్మా. కాయితం దొరకక చేతి మీద రాసుకున్నా."

"మరి మోచెయ్యి కమిలింది. అదీ దుకాణంలోనే రాసుకున్నావా?"

రెబెకా నవ్వబోయి ఆగిపోయింది. "చర్చిలో యూత్ మీటింగుకు టైమైంది," అంటూ సంచి భుజాన వేసుకుని బయటపడింది.

ఎలీషబా చదివింది ఐదో తరగతే. కానీ ముప్పై ఏళ్లు పలకల షెడ్డులో పలకల్ని లెక్కపెట్టి డజన్లుగా కట్టలు కట్టిన మనిషి, ఒకసారి చూసిన అంకె మర్చిపోదు. పొయ్యి పక్కనున్న విరిగిన పలక మీద బలపంతో ఆ నంబరు రాసి ఫోను కలిపింది. ఎవడో కుర్రాడు పలికితే ఎట్లా కడిగెయ్యాలో మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

ఒక్క రింగుకే ఎత్తారు.

"అమ్మా?"

ఎలీషబా వెంటనే ఫోను కట్ చేసింది.

అది ఆమె పెద్దబిడ్డ గొంతు. ఎబినేజర్ అని పేరు పెట్టి కొడుకుగా పెంచింది. పందొమ్మిదో ఏట ఆ బిడ్డ ఇంటిల్లిపాది ముందు నిలబడి, "నేను ఆడపిల్లనమ్మా. నా పేరు ఫెబీ," అంది. ఆ పూటే ఎలీషబా బట్టల సంచి వాకిట్లో పారేసింది. అది జరిగి ఐదేళ్లు. రెండేళ్ల కిందట భర్త కరుణాకరం ఊపిరితిత్తుల నిండా పలకల దుమ్ము పేరుకుని చనిపోయాడు. సమాధుల దొడ్డి గేటు దాకా వచ్చిన ఫెబీని, "ప్యాంటు చొక్కా వేసుకుని కొడుకుగా వస్తేనే మన్ను వేయనిస్తా," అని తల్లే వెనక్కి పంపింది. నలుగురూ ఆమె గుండె దిటవును మెచ్చుకున్నారు.

నిన్న ఉతికిన రెబెకా బట్టల్లోంచి బూడిదరంగు నీళ్లు కారడం గుర్తొచ్చింది. ఆ దుమ్ము ఆమె ఎరగనిదా! తర్లుపాడు రోడ్డులో తను పనిచేసిన, ఇప్పుడు మూతపడ్డ పలకల షెడ్డుది. ఎలీషబా ఆటో ఎక్కింది.

షెడ్డు గుమ్మంలో అరవై దాటిన ఒకామె మందుల పెట్టె ముందేసుకుని కూర్చుంది. పేరు పద్మావతి, రిటైరైన నర్సు. లోపల నున్నటి బండల మీద పదిహేను మంది ఆడవాళ్లు చక్రాల బూట్లతో గుండ్రంగా దూసుకుపోతూ, ఒకరినొకరు భుజాలతో నెట్టుకుంటున్నారు.

"రా వదినా. రోలర్ డెర్బీ అంటారు దీన్ని. నక్షత్రం టోపీ పెట్టుకున్నామె మిగిలినోళ్లను తోసుకుని ముందుకు పోవాల. ఇక్కడ జీతమూ లేదు, ఫీజూ లేదు. మొగుడొదిలేసినోళ్లు, ఇంట్లోంచి ఎల్లగొట్టినోళ్లు, ఎవరైనా రావచ్చు."

"చేతుల మీద ఆ నంబర్లేంది?"

"అంబులెన్సు రావాలంటే ముప్పావు గంట. దెబ్బ తగిలితే ఎవరిని పిలవాలో ఆ నంబరు చేతి మీద రాసుకోవాల. లేకుంటే ఆడనియ్యం."

రెబెకా రాసుకున్నది తల్లి నంబరు కాదు, ఫెబీ నంబరు. ఎలీషబా తన చేతిలోని ఫోను కేసి చూసుకుంది.

అంతలో విజిలు పట్టుకున్న పొడుగాటి మనిషి ఆమెను చూసి, బయటికొచ్చింది. కళ్లకు కాటుక, భుజాన జడ. ఫెబీయే. ఇద్దరూ విరిగిన పలకల గుట్ట వెనక్కి నడిచారు.

"ఫోను వచ్చినప్పుడే అనుకున్నా, వస్తావని."

"చెల్లెల్ని కూడా నీ దారి పట్టించినావా?"

"అది ఆడుకోను వస్తాందమ్మా. అంతే."

"నీ వల్ల చర్చిలో వెనక వరసలో కూసుంటన్నా. దాన్నన్నా నాకు ఉంచు. నువ్వు మాకు ఎప్పుడో చచ్చిపోయినావు."

ఫెబీ పెదవి కొరుక్కుంది. "ఒక్కటి చెప్పి పో. నాయన పోయేముందు నన్ను అడిగినాడా?"

ఎలీషబా కళ్లు పక్కకు తిప్పుకుంది. "లేదు. ఒక్కసారి కూడా అడగలేదు."

ఫెబీ తలూపి లోపలికెళ్లింది. నక్షత్రం టోపీ తనే పెట్టుకుంది.

ఎలీషబా రోడ్డెక్కేలోపే షెడ్డులోంచి దభీమన్న చప్పుడు, దాని వెనకే పొడుగాటి విజిలు వినిపించాయి. తర్వాత ఒక్క చక్రం కూడా కదల్లేదు.

పరుగున వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. లోపల అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. ఎలీషబా వాళ్ల ఇళ్లల్లో ప్రాణం పోతున్న మంచం చుట్టూనే అట్లా మోకరిస్తారు. కరుణాకరం మంచం చుట్టూ కూడా అట్లాగే మోకరించారు. రెబెకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాళ్లలో ఉంది. ఫెబీ మాత్రం లేదు; అంటే నేల మీద పడున్నది తన పెద్దబిడ్డే.

'చచ్చిపోయినావు అన్నా. ఇప్పుడే అన్నా.'

చేతిలో ఫోను మోగింది. తెలియని నంబరు.

"అమ్మా, నా పేరు పద్మావతి. ఇక్కడొక పిల్లకు దెబ్బ తగిలింది. చేతి మీద 'అమ్మ' అని మీ నంబరుంది. ఫెబీ వాళ్లమ్మేనా?"

అదే గొంతు ఫోనులోనూ, ఎదురుగానూ వినబడుతోంది. పద్మావతి గుమ్మం వైపు వీపు పెట్టి, ఫెబీ మీదికి వంగి ఉంది.

ఎలీషబా ఫోను చెవికి నొక్కుకుంది. "ఆ. ఫెబీ అమ్మనే. ఈడనే ఉన్నా."

పద్మావతి చటుక్కున వెనక్కి తిరిగింది. తల్లి మొహం చూసి ఫోను దించేసింది. "బతికే ఉంది తల్లీ. కాలు విరిగింది. ఎవరికి దెబ్బ తగిలినా ఆ మనిషిని లేపిందాక మిగిలినోళ్లు మోకాళ్ల మీదనే ఉంటారు. మా ఆట పద్ధతి అది."

మోకాలి కింద చర్మం చీల్చుకుని ఎముక కనబడుతోంది. ఫెబీ మొహం సున్నంలా ఉంది. ఎలీషబా ఆ దుమ్ములో మోకాళ్ల మీద కూలబడి, నంబరున్న చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"అబద్ధం చెప్పినా. నాయనకు మాట పడిపోయింది. పలక అడిగినాడు. నీ పేరు రాసినాడు. మూడుసార్లు రాసినాడే. మూడుసార్లూ నేనే తడిగుడ్డతో తుడిచినా."

ఫెబీ ఆమె వైపు తల తిప్పింది.

"ఏ పేరు?"

"ఫెబీ అనే."

ఫెబీ మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. క్షమించానని అనలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. రెబెకా మోకాళ్ల మీదే పాక్కుంటూ వచ్చి తల్లి వీపుకు తల ఆనించింది.

అంబులెన్సుకు ఇంకా అరగంట పడుతుందన్నారు. ఆ అరగంటా ఎలీషబా ఆ చెయ్యి వదల్లేదు. షెడ్డులో ఒక్కరు కూడా లేచి నిలబడలేదు.