ఏకదిశలో ఎదురు

రత్నం చెవిలో దూరస్వరం మోగింది. “మా నాన్నకి మోకాళ్ళ నొప్పులు. కాస్త నెమ్మదిగా నడవమనండి,” అన్నాడు ఏ దేశంలోనో ఉన్న కొడుకు. రేవు చివర నిలబడ్డ ఆమె మైకు దగ్గరికి వంగి ఆ మాటే లోపలికి చెప్పింది. దూరాన ఉన్న బిడ్డల మాటలు చేరవేయడమే ఆమె పని. లోపలి గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దాయన లేచి, ఓడ వైపు మాత్రమే నడవాల్సిన ఏకదిశ బాట మీద అడుగు పెట్టాడు. పాదపలకలు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. ఆయన రేవు చివరికి చేరుతుండగా, ఎప్పటిలాగే రత్నం స్తంభం వెనక్కి తప్పుకుంది. ప్రయాణమయ్యే వాళ్ళకి మొగుడు పోయిన ఆడది ఎదురుపడకూడదని చిన్నప్పటి నుంచీ విన్నదే. నడిసముద్రంలో ఊరు కట్టుకుని బతికినా ఆ బుద్ధి మాత్రం పోలేదు.

ఆ ఊళ్ళో, సాగరికలో, డబ్బు చెల్లడం మానేసింది. మంత్రులు చెప్పాపెట్టకుండా మాయమయ్యారు. పనిచేస్తున్నది ఈ ద్వారం ఒక్కటే. దానికి మనుషులతో పనిలేదు, అడుగులు చాలు. బయటికి నడిస్తే నిష్క్రామి. లోపలికి నడిస్తే ప్రవేశి, ఇక ఓడెక్కే హక్కు లేదు. ఇంతవరకూ ప్రవేశి అంటూ ఒక్కరూ లేరు. కూలిపోయే చోటికి ఎవరొస్తారు, చోద్యం కాకపోతే! ఈ సాయంత్రం ద్వారం మూసుకోగానే చివరి ఓడ కదులుతుంది. రత్నం కూడా అందులోనే వెళ్ళాలి.

లోపల బల్లల మీద ఇంకా కొందరు ముసలివాళ్ళు మిగిలారు. ఎంత పిలిచినా కదలడం లేదని యంత్రం వాళ్ళని అసమ్మతుల కింద జమకట్టి వదిలేసింది. వాళ్ళ ముందు పైడమ్మ కూర్చుని ఉంది. రత్నానికి పెద్దమ్మ. తల్లి పోయాక పెంచింది ఆవిడే. ఆవిడ కోసం ఏ దూరస్వరమూ మోగలేదు. ఆవిడకి రత్నం తప్ప ఎవరూ లేరు, రత్నానికీ అంతే. పొద్దుట్నుంచీ పరాయి బిడ్డల మాటలు మోసి మోసి, సొంతమనిషిని పిలవాల్సి వచ్చేసరికి రత్నానికి ఏడుపొచ్చినంత పనైంది.

“పెద్దమ్మా, రా. వేళైపోతంది.”

“ఎలాగొస్తానే? ఎవులో ఒకలు ఎదురు రావాలి కదా. మీ పెదనాన్న ఎదురు లేకండా ఏనాడైనా పడవ దించినాడేటి?”

“ఇది ఒక్కేపు దారే. ఎవులూ ఎదురు రాకూడదు.”

“నువ్వు రాయే.”

“నాను రాకూడదు పెద్దమ్మా. నీకు తెలీదేటి?”

“ఎవులన్నారే? నా సేతుల్తో పెంచినాను. నీ మొకం కంటే మంచి ఎదురు నాకేటుంది? నువ్వొస్తేనే లెగుస్తాను.”

రత్నం ఓడ వైపు చూసింది. చాలా భయమేసింది. లోపలికి నడిస్తే తనకిక ఓడ లేదన్న సంగతి చెబితే పెద్దమ్మ అసలే లేవదు. అందుకని చెప్పలేదు. స్తంభం చాటు నుంచి బయటికొచ్చి ఏకదిశ మీద కాలు మోపింది. పలక ఎర్రగా వెలిగింది.

పైడమ్మ ముఖం విప్పారింది. సంచీ భుజానికి తగిలించుకుని గబగబా నడిచింది. దారి మధ్యలో రత్నం గడ్డం పుణికి, “ఎనకాలే వచ్చీయే,” అంది.

“వస్తాను. నువ్వు నడు.”

పెద్దమ్మతో ఆమె అబద్ధమాడడం అదే మొదటిసారి.

లోపలి గుమ్మంలో యంత్రం గొంతు, ద్వారస్వరం, అడిగింది. “ప్రవేశ కారణం?”

“ఎదురొచ్చినాను.”

యంత్రం చాలాసేపు వెతుక్కుంది. “అటువంటి కారణం లేదు. కారణం తేలేవరకు ద్వారం మూయబడదు. ఓడ కదలదు.”

బల్లల దగ్గర అలికిడైంది. ఒకరి తర్వాత ఒకరు ముసలివాళ్ళు లేస్తున్నారు, మూటలు అందుకుంటున్నారు. అసమ్మతి ఎవరికీ లేదు. వాళ్ళూ ఇన్నాళ్ళూ ఎదురు కోసమే చూస్తున్నారు. రత్నం అలవాటుగా గోడ వైపు జరగబోయింది.

“పక్కకెల్లిపోతావేటమ్మా?” అన్నాడు కర్ర ఊతంగా లేచిన ఒకాయన. “ఎదురుగానే ఉండు.”

ఆమె ఆగిపోయింది. ఒక్కొక్కరే ఆమె ముఖం చూసి, దణ్ణం పెట్టుకుని దాటిపోయారు. రేవు వైపు నుంచి పెద్దమ్మ పిలుస్తూనే ఉంది.